గుట్టకు ధ్రువీకరించిన నకలు

ఆ ఏడాది ఉగాది దాటేసరికి నా చేతిలో ఉన్నవి ఇవి. హిందూపురం శివార్లలో ఒక శీతల గోదాము. దాని కప్పు దాకా మేలు రకం చింతపండు మూటలు. ఆ సరుకంతా ఒకేసారి కొని ఎత్తగలిగిన ఒకే ఒక్క మనిషి, కోయంబత్తూరు గోపాలసామి నాయుడుగారు. మా ఇంట్లో మందు వాసన చూసినవాడు లేడన్న మంచి పేరు. ఇవి కాక, నా తెలివి మీద నాకున్న నమ్మకం. గోదాములో పెట్టిన ఏ సరుకుకైనా ఎంతో కొంత తరుగు వస్తుంది. ఈ చివరి దానికి మాత్రం అంతవరకు ఎన్నడూ రాలేదు.

చింతపండు వ్యాపారం రంగు మీద నడుస్తుంది. కొత్త పండు ఎర్రగా, తేనెలాగా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ నల్లబడుతుంది. చలిలో పెడితే ఆలస్యమవుతుందే తప్ప ఆగదు. నాయుడుగారిది పులిహోర పొడి చేసే ఫ్యాక్టరీ. నల్లటి పండు ఆయనకు పనికిరాదు. వానలు పడేలోగా ఆయన ఎత్తకపోతే నా సరుకు రసం కాచుకునే హోటళ్ళ పాలే. పైగా మా వీధిలోనే ఉండే చక్కా వీరభద్రయ్య ఆయనకు ఫోన్లు చేస్తున్నాడని విన్నాను. వీరభద్రయ్య సరుకుకూ నా సరుకుకూ తేడా లేదు. తేడా అంతా మర్యాదలోనే చూపించాలి.

మా నాన్న కాలం నుంచి ఆ మర్యాదకు ఒక వరస ఉంది. నాయుడుగారు భార్య ఆండాళమ్మగారితో వస్తారు. మా ఇంట్లో భోంచేస్తారు. తరువాత లేపాక్షి. వేలాడే స్తంభం కింద ఆండాళమ్మగారు కొంగు దూర్చి అవతలి నుంచి లాగి, ప్రతి ఏడూ మొదటిసారి చూసినట్టు ఆశ్చర్యపోతారు. సాయంత్రం గోదాము దగ్గర బేరం. ఆ బేరం నోటితో చేయం. ఇద్దరి చేతుల మీద ఒక తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కుతాం. ఏ వేలు నొక్కితే ఎంతో మాకు తెలుసు. చుట్టూ నిలబడినవాళ్ళకు తువ్వాలు మాత్రమే కనిపిస్తుంది. లోకంలో దాచి చేయవలసిన పని ఇదొక్కటే అనేవాడు మా నాన్న.

అటువంటిది, ఆ ఏడు నాయుడుగారు ఫోన్ చేసి, "శెట్టిగారూ, ఈ తూరి లేపాక్షి వద్దండీ" అన్నారు.

"ఏం నాయుడుగారూ, మా వల్ల లోపమేమన్నా జరిగిందా?"

"లోపం కాదండీ. ఇప్పుడు అందరూ వైనరీ, వైనరీ అంటున్నారే. ద్రాక్షతోట, ఎదురుగా కొండ, చేతిలో గ్లాసు. మీ పక్క అటువంటివి వచ్చినాయంట. మంచి దృశ్యం ఉండేది ఒకటి చూడండి."

"ఓ, దానికేం! మేము వారం వారం పోతాం గదా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక నా భార్య కనకవల్లి వంటింట్లోంచి తల బయటికి పెట్టింది. "వారం వారం పొయ్యేదెవరు? దగ్గు మందు తాగితేనే మరుసటి పూట దాకా లేవని మనిషి మీరు."

"వ్యాపారం వల్లీ."

"వ్యాపారమైతే నేను బొబ్బట్లు చేస్తా, పానకం కలుపుతా. అలవాటు ప్రకారం లేపాక్షికి పిలుచుకపోండి. ఆయమ్మకు ఆ స్తంభమంటే ప్రాణం."

"నీకు లోకం తెలీదులే" అన్నాను. ఈ మాట అప్పుడే ఖర్చు కింద రాసుకోవలసింది. రాసుకోలేదు.

ఆ రోజుల్లో మా ఊరికి వైనరీ పిచ్చి పట్టి ఉంది. ఒకప్పుడు పరువు గల వర్తకుడంటే తిరుపతిలో పలుకుబడి ఉన్నవాడు. ఇప్పుడు ద్రాక్ష తీగ పక్కన నిలబడి గ్లాసు ఎత్తి ఫోటో దిగినవాడు. మా వర్తక సంఘం వాట్సాప్‌లో పొద్దున దేవుడి బొమ్మలు, సాయంత్రం గ్లాసుల బొమ్మలు వచ్చేవి. వీరభద్రయ్య ఫోటో లేని ఆదివారం లేదు. ప్రభుత్వం కూడా వెనకబడలేదు. ఈ ఉత్సాహాన్ని క్రమబద్ధం చేయడానికి ద్రాక్షా విహార ప్రాధికార సంస్థ అని ఒకటి పెట్టింది.

మా చుట్టుపక్కల అప్పటికి మూడు వైనరీలు ఉన్నాయి. చింతపండును ఎట్లా ఎంచుతానో వాటినీ అట్లాగే ఎంచాలనుకున్నాను. మొదటి చోట గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ఏం అడగాలో తెలియక, "తేమ ఎంత ఉంటుంది?" అని అడిగాను. అక్కడి మనిషి నా చేతిలో గ్లాసు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ఆ వైను మంచిదేనని తోడు వచ్చినవాళ్ళు అన్నారు గానీ ఎదురుగా గ్రానైటు రాళ్ళు కోసే మిషన్లు. రెండో చోట దృశ్యం అద్భుతం. వైను మాత్రం పీపాల్లో ఊరుతోంది. "దృశ్యం ఇప్పుడు చూసి పోండి సార్, వైను పైయేడు తాగుదురు" అన్నాడు అక్కడి మేనేజరు.

మూడోది సోమందిన్నెలో ఓబుళరెడ్డిది. ఎదురుగా తాబేటి గుట్ట. నిజంగానే తాబేలు తల లోపలికి లాక్కుని కూర్చున్నట్టు ఉంటుంది. నేను గుట్టనూ సరిగ్గా చూడలేదు, వైనునూ చూడలేదు. గోడను చూశాను. గోడ నిండా ధ్రువపత్రాలు. దృశ్య యోగ్యత, నీటి యోగ్యత, మెట్ల యోగ్యత, నీడ యోగ్యత. నాకు ప్రాణం లేచి వచ్చింది. మూటకు ముద్ర ఉంటే విప్పి చూడను, ముద్ర లేకుంటే విప్పి చూసినా నమ్మను. ఇన్నేళ్ళు వ్యాపారం అట్లాగే చేశాను.

"రెడ్డీ, ఇన్ని సర్టిఫికెట్లు ఎట్ల సంపాదించినావప్పా?"

"సంపాదించేదేముంది శెట్టీ, బెల్లం పెట్టినచోటికి ఈగలొచ్చినట్ల వచ్చినాయి" అన్నాడు ఓబుళరెడ్డి. "ఆ మేడ చూడు. గుట్ట కనపడల్ల, మేడ కట్టు అనె దృశ్యం ఆఫీసరు ఆయప్ప. కట్టినా. మందు ఆఫీసరు ఇంగో ఆయమ్మ వచ్చి, తాగేది బయటోళ్ళకు కనపడగూడదు, సుట్టూ తడికెలు కట్టు అనె. కట్టినా. ఆయప్ప వచ్చే రోజు తడికెలు ఇప్పుతా. ఆయమ్మ వచ్చే రోజు కడతా. ద్రాచ్చతోటకు ఇద్దరు కూలోళ్ళుండారు, తడికెలకు నలుగురుండారు."

"ఇద్దరూ ఒకే రోజు వస్తే?"

"ఆ పొద్దు నేను ఊర్లో ఉండను శెట్టీ."

తెలివిగలవాడు అక్కడే వెనక్కి తిరుగుతాడు. నేను వ్యాపార సూత్రం ఒకటి గుర్తు తెచ్చుకున్నాను. మండీలో సరుకు అడ్డం లేకుండా కదలాలంటే ముద్ర చేతిలో ఉన్న ప్రతి ఒక్కరినీ ముందే భోజనానికి పిలవాలి. తిన్నవాడు అడ్డం చెప్పడు. కాబట్టి ఇద్దరినీ నేనే పిలుస్తాను, నాయుడుగారి ముందు ఇద్దరు అధికారులు నాతో కూర్చుని ఉంటే నా పరువు ఎక్కడికో పోతుంది అనుకున్నాను. నిజంగానే ఎక్కడికో పోయింది.

దృశ్య పరిరక్షణాధికారి చక్రపాణిగారి గదికి కిటికీ లేదు. బీరువా ఉన్న చోట ఒకప్పుడు కిటికీ ఉండేదట. ఆయన నా మాట విని ఎంతో సంతోషించారు.

"చాలా హర్షణీయమైన విషయము. దృశ్యమనగా ఏమో తమరికి తెలియునా? నిర్వచనము కలదు. కనీసము ఒక కొండ, కనీసము ఒక జలాశయము, కరెంటు స్తంభములు లేకపోవుట. తాబేటి గుట్ట విషయములో ఒక స్తంభము అడ్డు వచ్చినది."

"దాన్ని తీయించారా సార్?"

"స్తంభము వేరే శాఖకు చెందినది. కావున దానిని చూడరాదని ఉత్తర్వులు జారీ చేసితిమి. అక్కడ కూర్చున్నవారు స్తంభమును వదలి తక్కినది చూడవలెను."

మద్య నియంత్రణ పర్యవేక్షకురాలు కుముదినిగారి కార్యాలయం అదే మేడలో పై అంతస్తు. ఇద్దరూ ఒకే మెట్ల మీద ఎక్కి దిగుతారు గానీ ఒకరి పేరు ఒకరు ఎన్నడూ పలకరు. నేను దృశ్యం సంగతి ఎత్తగానే ఆమె చేయి అడ్డం పెట్టారు.

"నేను దృశ్యమును గుర్తించను. మా నిబంధనలలో కొండ అను మాట లేదు. గోడ అను మాట కలదు. సేవించు చోటు బహిరంగ వీక్షణకు గోచరించరాదు. తక్కినది నాకు సంబంధము లేదు."

"భోజనానికి రండమ్మా, చాలు."

"విధి నిర్వహణలో భాగముగా వచ్చెదను."

అందరూ ఒప్పుకున్నారు. ఇంటికి వచ్చి కనకవల్లితో, "చూశావా, ఎట్లా కుదిర్చానో" అన్నాను. ఆమె బొబ్బట్లకు శనగపప్పు నానబోస్తూ ఉంది. "వాళ్ళకు కూడా చేయల్లా?" అని మాత్రం అడిగింది.

ఆ రోజు రానే వచ్చింది. ఓబుళరెడ్డి అన్న మాట ప్రకారం ఊర్లో లేడు. ఒక పనివాడిని పెట్టి పోయాడు. నాయుడుగారు తెల్లటి పంచె, కొత్త కండువాతో వచ్చారు. ఆండాళమ్మగారు పట్టుచీరతో. మేడ మీద కుర్చీలు వేయించాను. తడికెల్లో సగం విప్పి, సగం కట్టి పెట్టమన్నాను. వ్యాపారంలో సగానికి సగం అంటే ఎవరైనా ఒప్పుకుంటారు. ప్రభుత్వంలో సగం అనేది లేదని నాకప్పటికి తెలియదు.

చక్రపాణిగారు వచ్చీ రాగానే కట్టిన సగాన్ని చూశారు. "ఈ తడిక దృశ్యభంగము కలిగించుచున్నది."

కుముదినిగారు వచ్చీ రాగానే విప్పిన సగాన్ని చూశారు. "ఈ ఖాళీ గోచరత్వము కలిగించుచున్నది."

పనివాడు అప్పటికే నాయుడుగారి గ్లాసులో ఎర్రటి వైను పోశాడు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తీర్థం కోసం నిలబడినవాడిలా కూర్చున్నారు.

"అమ్మా, ఆ పక్క ఇల్లు లేదు, వాకిలి లేదు. ఎవరు చూస్తారు? ఉండేది గుట్ట ఒకటే" అన్నాను.

"ఇచ్చటి నుండి గుట్ట కనిపించుచున్నదా?"

"బ్రహ్మాండంగా!"

"అయినచో గుట్ట నుండి ఇచ్చోటు కూడ కనిపించవలెను. గుట్ట బహిరంగ ప్రదేశము. అక్కడ గొర్రెలు మేపువారు కలరు."

చక్రపాణిగారు అడ్డుపడ్డారు. "మేము ధ్రువీకరించినది ఇటు నుండి అటు దృశ్యము మాత్రమే. అటు నుండి ఇటు దృశ్యమునకు ఎవరును దరఖాస్తు చేయలేదు. దరఖాస్తు లేని దృశ్యము లేనట్లే."

"లేనట్లా, ఉన్నట్లా అన్నది క్షేత్ర పరిశీలనలో తేలవలెను."

ఆమె తన అటెండరు హనుమంతును గుట్ట ఎక్కమన్నారు. హనుమంతు ఒకసారి గుట్టను, ఒకసారి తన చెప్పులను చూసుకుని బయలుదేరాడు. అతడు ఎక్కేదాకా ఎవరూ ఏదీ తాగకూడదని, తాగితే పరిశీలన చెడిపోతుందని ఆజ్ఞ. ఎండ నడినెత్తికి వచ్చింది. బొబ్బట్ల డబ్బా తీద్దామంటే, తినుబండారాలతో కలిపి సేవించే చోటుకు వేరే తరగతి లైసెన్సు కావాలన్నారు. డబ్బా మూసేశాను.

చివరకు ఫోన్ మోగింది. కుముదినిగారు అందరికీ వినిపించేలా పెట్టారు.

"హనుమంతూ, కనిపించుచున్నదా?"

"కనపడతాండాది మేడమ్" అన్నాడు హనుమంతు రొప్పుతూ. "పంచె కట్టిన పెద్దాయన కూకోనుండాడు. చేతిలో గ్లాసుండాది. ఎర్రగుండాది."

"సేవించుచున్నాడా?"

"లేదు మేడమ్. మీ మొగమే చూస్తాండాడు. పక్కన శెట్టి డబ్బా పట్టుకోని బిక్కమొగమేసుకోనుండాడు."

"నీ పక్కన ఎవరైనా కలరా?"

"గొర్రెలకాడ ఒక అవ్వ ఉండాది. ఆయవ్వ గూడా చూస్తాండాది. వాళ్ళెందుకు నాయనా తాగరు, ఇంతసేపు ఎండలో పెట్టుకోని కూకోనుండారే అని అడగతాండాది."

"రుజువైనది" అన్నారు కుముదినిగారు.

ఇక అక్కడే మేడ మీద ఇద్దరూ చర్చకు దిగారు. ముందు వైను లేకుండా దృశ్యం చూసి, తరువాత దృశ్యం లేకుండా వైను తాగాలని తేలింది. బాగానే ఉందనుకుని నేను, "ముందు తాగి తరువాత గుట్ట చూస్తే కాదా?" అని ఊరికే ఉండలేక అడిగాను.

చక్రపాణిగారి ముఖం గంభీరమైంది. "తమరు గ్రహించవలసినది ఒకటి కలదు. మేము ధ్రువీకరించినది ఒక గుట్టను. సేవించినవారికి రెండు గుట్టలు కనిపించినచో, రెండవ గుట్ట బాధ్యత ఎవరిది?"

మొదటిసారి కుముదినిగారు ఆయన వైపు గౌరవంగా చూశారు.

సరే, ఇక తాగడానికి చోటు కావాలి. కిటికీ ఉండకూడదు. గోడలు దిట్టంగా ఉండాలి. తలుపు ఒకటే ఉండాలి. లోపలిది బయటికి, బయటిది లోపలికి కనిపించకూడదు. ఇట్లాంటి గది వైనరీలో లేదు. నాయుడుగారు ఇంకా గ్లాసు పట్టుకునే ఉన్నారు. ఆండాళమ్మగారు కొంగుతో ఆయన నెత్తికి నీడ పడుతున్నారు. ఆ అవస్థ చూడలేక, నవ్వించడానికి అన్నాను.

"ఇట్లాంటిది ఈ జిల్లాలో ఒకటే ఉంది సార్. నా చింతపండు గోదాము."

ఎవరూ నవ్వలేదు. ఇద్దరు అధికారులూ ఒకేసారి నా వైపు తిరిగారు. నా జీవితంలో ప్రభుత్వం నన్ను అంత ప్రేమగా చూడడం అదే మొదలు.

ఊరేగింపుగా హిందూపురం బయలుదేరాం. సీసా తీసుకుపోవడానికి రవాణా అనుమతి కావాలి కాబట్టి కుముదినిగారే దాన్ని ఒళ్ళో పెట్టుకుని జీపులో కూర్చున్నారు. గ్లాసులో పోసింది మళ్ళీ సీసాలోకి పోయరాదట, పారబోస్తే లెక్క తప్పుతుందట. కాబట్టి నాయుడుగారు నిండు గ్లాసు పట్టుకుని నా కారులో ముందు సీట్లో కూర్చున్నారు. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆండాళమ్మగారు వెనక నుంచి, "గోవిందా" అనేవారు. కొత్త కండువా మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. "పోనీండి శెట్టిగారూ, దృశ్యం బాగుండినది" అన్నారు నాయుడుగారు. అంత మంచి మనిషిని నేను ఎక్కడికి లాక్కుపోతున్నానో అని నాకు మొదటిసారి అనిపించింది. వేరే దారి లేదు కాబట్టి గేరు మార్చాను.

గోదాము తలుపు తీయగానే చలి ముఖం మీద కొట్టింది. ఎండలో ఉడికిపోయి వచ్చినవాళ్ళం గడగడా వణికిపోయాం. ఖాళీ గోనెసంచులు తెచ్చి తలా ఒకటి భుజాల మీద కప్పాను. చక్రపాణిగారి సంచి మీద మా దుకాణం గుర్తు, కుముదినిగారి సంచి మీద ఎర్ర అక్షరాలతో 'మేలు రకం' అని ఉన్నాయి. ఆమె గోడలు తట్టి చూశారు. కప్పు చూశారు. ఆమె ముఖంలో నవ్వు వచ్చింది. "ఇంత నిర్దోషమైన ఆవరణ నా ఉద్యోగములో చూడలేదు" అని అక్కడికక్కడే తాత్కాలిక లైసెన్సు రాసిచ్చారు. రద్దు ఉత్తర్వు వచ్చేవరకు అది శాశ్వతమట.

చక్రపాణిగారు మాత్రం ముఖం వేలాడేశారు. "దృశ్య విహారము పేర వచ్చిన అతిథులు దృశ్యము లేకుండ సేవించినచో మా సంస్థకు అప్రతిష్ఠ. ఇచ్చట గుట్ట ఉండి తీరవలెను."

"గుట్టను ఎట్లా తెస్తాం సార్?"

"అసలు సమర్పించలేని సందర్భములో నకలు స్వీకరించుట కలదు."

మా వెంట వచ్చిన వైనరీ పనివాడి ఫోన్లో గుట్ట ఫోటో ఉంది. ఎదురు వీధిలో జిరాక్స్ షాపులో కాగితం మీద తీయించాం. అక్కడ రంగుల మిషన్ లేదు. నలుపు తెలుపుల్లో తాబేటి గుట్ట వచ్చింది. కరెంటు స్తంభం మాత్రం స్పష్టంగా వచ్చింది. చక్రపాణిగారు స్తంభాన్ని చూడకుండా, ఆకుపచ్చ సిరాతో 'అసలుతో సరిచూడబడినది' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశారు. దాన్ని చింతపండు మూటలకు ఎదురుగా గోడకు అంటించాం.

"ఇప్పుడు సేవించవచ్చును" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

నాయుడుగారు గుట్ట వైపు చూశారు. గ్లాసు వైపు చూశారు. తాగలేదు. నా పక్కకు జరిగి, చెవిలో అన్నారు. "శెట్టిగారూ, తప్పుగా అనుకోవద్దండీ. నేను తాగను. ఇంతవరకు ఎన్నడూ ముట్టలేదు."

"మరి మీరే అడిగినారు గదా నాయుడుగారూ!"

"పోయిన ఏడు లేపాక్షిలో మీరు ఆవులించినారండీ. మాకోసరం ప్రతి ఏడూ అదే గుడికి వచ్చి విసిగిపోయినారేమో అనుకున్నాను. మీ వీరభద్రయ్యగారు ఫోన్లో, మా ఊళ్ళో పరువు గలవాళ్ళంతా ఇప్పుడు వైనరీకే పోతారు అన్నారు. సరే, మీ సంతోషంకోసరం ఒక పూట ఓర్చుకుందాం అని అడిగినాను. మీరూ వారం వారం పోతామంటిరే!"

"నేనా? నాకు దగ్గు మందే పడదండీ."

ఇంతలో ఆండాళమ్మగారు వణుకుతూ వచ్చి భర్త చేతిలో గ్లాసు తీసుకున్నారు. "ఇంతసేపు మోసినారు, దీన్ని ఎవరో ఒకరు తాగితేనే గదా మనల్ని బయటికి వదిలేది" అని, కషాయం తాగినట్టు ముక్కు పట్టుకుని ఒక్క గుక్కలో తాగేశారు. కొంగుతో మూతి తుడుచుకుని, "మా కషాయం కంటే మేలే" అన్నారు. కుముదినిగారు 'సేవించబడినది' అని రాసుకున్నారు.

నాయుడుగారి చేయి అప్పటికే పక్కనున్న మూటలోకి పోయింది. ఒక రెబ్బ తీసి, దీపం కిందికి పట్టి చూశారు, నాలుక మీద పెట్టుకున్నారు. పొద్దుటి నుంచి ఆయన ముఖంలో లేని వెలుగు వచ్చింది. నేను భుజం మీది గోనెసంచి తీసి ఇద్దరి చేతుల మీద కప్పాను. కింద మా వేళ్ళు కలుసుకున్నాయి. చలికి వేళ్ళు కొయ్యబారి, ఏది నొక్కానో నాకే తెలియడం కష్టమైంది. ఆయన ఒకసారి నొక్కారు. నేను కాదని విదిలించాను. ఆయన మళ్ళీ నొక్కారు. పట్టుకుని వదలలేదు. కుదిరింది.

"సంచి కింద ఏమి జరుగుచున్నది?" అన్నారు కుముదినిగారు.

"బయటికి కనిపించకూడనిదమ్మా" అన్నాను.

ఆమె మెచ్చుకోలుగా తల ఊపారు.

ఇక్కడితో లెక్క మూసి ఉంటే లాభమే. కానీ తరువాతి వారం నాయుడుగారి లారీ వచ్చింది. మూటలు ఎత్తబోతుంటే హనుమంతు వచ్చి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. వెనకే కుముదినిగారు.

"లైసెన్సు పొందిన ఆవరణలోని వస్తువులు రవాణా పర్మిట్ లేనిదే కదలరాదు."

"ఇది చింతపండమ్మా!"

"కావుననే చిక్కు వచ్చినది. పర్మిట్ మద్యమునకే ఇచ్చెదము. తమరి సరుకు మద్యము కాదు గనుక పర్మిట్ ఇవ్వజాలము. పర్మిట్ లేదు గనుక సరుకు కదలజాలదు."

"మరి లైసెన్సు రద్దు చేయండి."

"రద్దు చేయుటకు ముందు ఆవరణ ఖాళీ చేయవలెను."

హనుమంతు నా దగ్గరికి వచ్చి మెల్లగా, "దీన్ని సారాయి అని రాసిచ్చేస్తే ఇప్పుడే పోతాది శెట్టీ" అన్నాడు. మా వంశం పేరు గుర్తొచ్చి ఒప్పుకోలేకపోయాను. లారీ డ్రైవరు టైరుకు ఆనుకుని పడుకున్నాడు. పడమర మబ్బులు కట్టాయి. లోపల నా సరుకు నిమిష నిమిషానికి నల్లబడుతున్నట్టే అనిపించింది. వీరభద్రయ్య ఎదురుగా ఉన్న తన గోదాము అరుగు మీద నుంచి ఇటే చూస్తున్నాడు. ఏమీ తోచక గోదాములోకి పోయి కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద గుట్ట కనిపించింది.

వెంటనే లేచాను. జిరాక్స్ షాపువాడిని పిలిపించి మూటలన్నీ కనిపించేలా ఫోటో తీయించాను. దాన్ని పట్టుకుని చక్రపాణిగారి దగ్గరికి పరుగెత్తాను.

"సార్, దీన్ని ధ్రువీకరించండి."

"దృశ్యము కాని దానిని నేను ధ్రువీకరించజాలను."

"లైసెన్సు ఉన్న ఆవరణలోని ప్రతి వస్తువూ ఆవరణలో భాగమేనని పై అంతస్తువాళ్ళు అంటున్నారు సార్. అట్లాగే మీ దృశ్యం ఉన్న గదిలో కంటికి కనిపించేదంతా మీ దృశ్యంలో భాగం కాదా? మీ అధికారం వాళ్ళ అధికారం కంటే చిన్నదా?"

ఆయన కలం మూత తీశారు. ఆకుపచ్చ సిరాతో 'అసలుతో సరిచూడబడినది' అని రాశారు. ముద్ర చూసి హనుమంతు పక్కకు జరిగాక మూటలు లారీకి ఎత్తించి, వాటి స్థానంలో ఆ నకలును గోదాములో అంటించాను. కుముదినిగారు వచ్చి ఖాళీ నేల చూశారు, గోడ చూశారు, ముద్ర చూశారు.

"సరుకు ఆవరణలోనే కలదు" అని రాసుకుని వెళ్ళిపోయారు. అసలు చింతపండు అప్పటికి హోసూరు దాటి పోతోంది.

ఆ రాత్రి కనకవల్లితో, "చూశావా, ఎట్లా కదిలించానో" అన్నాను.

"చూసినా. మళ్ళ కొత్త పండు యాడ పెడతారు?" అంది.

ఈ ప్రశ్నకు జవాబు మాఘం పోయాక తెలిసింది. కొత్త చింతపండు బండ్లు వచ్చి గోదాము ముందు నిలబడ్డాయి. కుముదినిగారి లెక్క ప్రకారం గోదాము పోయిన ఏటి సరుకుతో నిండి ఉంది. నిండిన గోదాములో కొత్తది పెట్టరాదు. పాతది తీస్తామంటే కాగితం తీయాలి, ధ్రువీకరించిన కాగితం చించితే నేరం. చివరకు నా కొత్త సరుకు వీరభద్రయ్య గోదాములో పెట్టుకోవలసి వచ్చింది. అతడు చాలా మర్యాదగా ఒప్పుకున్నాడు. అది ఇంకా బాధించింది.

నా గోదాము మాత్రం ఖాళీగా లేదు. ఆ శాశ్వత లైసెన్సు పుణ్యమా అని ఆదివారాలు జనం తాగడానికి వస్తున్నారు. జిల్లాలో నిబంధనలన్నీ పాటించే ఏకైక సుందర వైనరీ అని ప్రాధికార సంస్థ బోర్డు పెట్టింది. చక్రపాణిగారు తన వియ్యంకులను తీసుకువచ్చారు. వచ్చినవాళ్ళంతా గోనెసంచులు కప్పుకుని, గోడ మీది గుట్టకు ఎదురుగా నిలబడి ఫోటోలు దిగుతారు. స్తంభాన్ని చూడకండి అని చెప్పడానికి హనుమంతుకు డ్యూటీ వేశారు.

మొన్న నాయుడుగారు ఫోన్ చేశారు. "శెట్టిగారూ, ఈ తూరి లేపాక్షికే పోదామండీ. ఆండాళ్ ఆ స్తంభంకోసరం అడుగుతున్నది."

"ఓ, దానికేం! మేము వారం వారం..." అని, కనకవల్లి వైపు చూసి ఆపేశాను. ఆమె పప్పు నానబోయడానికి లేచింది.

కూర్చుని లెక్క తేల్చాను. నాయుడుగారి స్నేహం నిలబడింది. అయితే అది ముందే ఉన్నది, కొత్తగా జమ వేయకూడదు. సరుకు పోయింది, అదీ ఏటా పోయేదే. మా ఇంట్లో మందు వాసన చూసినవాడు లేడన్న పేరు ఉంది గానీ, మా గోదాము చూశాక ఎవరూ నమ్మడం లేదు. కొత్తగా వచ్చినవి నలుపు తెలుపుల్లో ఒక గుట్ట, నలుపు తెలుపుల్లో కొన్ని మూటలు. ఇక మొదట్లో చెప్పిన నా తెలివి మీద నమ్మకం. అది నిండుగా ఉన్న రోజుల్లోనే చక్రపాణిగారి చేత ఒక నకలు ధ్రువీకరించి పెట్టుకోవలసింది. అసలు ఇప్పుడు ఎంత వెతికినా కనిపించడం లేదు.